మూడొందల డాలర్ల చెత్త

శనివారం ఉదయం 8:50.

హార్లన్ వీమ్స్ శవం నీళ్ళలో బోర్లా తేలుతోంది. తొడల లోతు నీళ్ళు. చుట్టూ ఓక్ చెట్లు. డిసెంబరు చలికి చెట్ల మొదళ్ళ దగ్గర పల్చటి మంచు పెంకు కట్టింది.

హార్లన్ లాష్‌లీ క్లబ్బు కాపలాదారు. వయసు అరవై ఒకటి. ఇరవై ఆరేళ్ళుగా డబ్బున్నవాళ్ళ పడవలు తోలాడు, వాళ్ళు కొట్టిన బాతుల ఈకలు పీకాడు, వాళ్ళు పారేసిన సీసాలు ఏరాడు. ఇవాళ వాళ్ళ నీళ్ళ సరిహద్దు దాటి నాలుగడుగుల అవతల, ప్రభుత్వ అడవిలో చచ్చిపడి ఉన్నాడు.

ఇన్వెస్టిగేటర్ ఎర్లీన్ టకెట్ రబ్బరు బూట్లతో నీళ్ళలోకి దిగింది. యాభై రెండేళ్ళ మనిషి. ఆర్కన్సా పల్లపు నేలలో పుట్టింది, వరి చేలకి నీళ్ళు కట్టే కూలీ కూతురు. ఈ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో ఆలోచించడానికి జీతం తీసుకుంటున్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు వేరే పనులకి తీసుకుంటున్నారు.

రెండు గాయాలు. ఒకటి పక్కటెముకల్లో. ఒకటి గొంతులో. ఐదారు అడుగుల దూరం నుంచి కొట్టిన షాట్‌గన్ దెబ్బలు.

పది గజాల దూరంలో తుపాకి దొరికింది. గొట్టం నీళ్ళలో, మిగతాది చెట్టు వేరు మీద. నల్లటి ప్లాస్టిక్ మడమ. టర్కీ తయారీ సెమీ ఆటోమేటిక్. పక్కనే రెండు ఖాళీ తూటాలు తేలుతున్నాయి. తుపాకి లోపల తూటా కూర్చునే గదిలో ఇంకోటి పేలకుండా ఉంది.

"టోబీ ర్యాస్కోది," అన్నాడు షెరీఫ్ గెయితర్ గట్టు మీద నుంచే. బూట్లు తడుపుకోడు ఆయన. "ఈ కౌంటీలో అంత చెత్త తుపాకి ఇంకెవడి దగ్గరా లేదు. వాడిని కార్లో కూర్చోబెట్టాం. కేసు అయిపోయినట్టే."

"అంత తొందరేం సార్?"

"నాలుగు గంటలకి జడ్జి ముందు పెడతా. ఐదింటికి మా ఆవిడ పుట్టినరోజు పార్టీ."

జడ్జి ముందు పెడితే హత్యా నేరం. బెయిలు ఉండదు. ఈ కౌంటీలో జ్యూరీలో కూర్చునేవాళ్ళు సగం మంది లాష్‌లీ పొలాలు కౌలుకి చేసేవాళ్ళు, మిగతా సగం లాష్‌లీ మిల్లులో పనిచేసేవాళ్ళు. టోబీ ర్యాస్కో ఒకసారి జైలు తలుపు లోపలికి వెళితే మళ్ళీ బయటికి రాడు.

ఎర్లీన్ ఖాళీ తూటా ఎత్తి అడుగున ముద్ర చదివింది. సన్న గుళ్ళు. సీసం. మట్టి పళ్ళేలు గాల్లోకి ఎగరేసి కొట్టే ఆటకి వాడే తేలిక తూటా. కొట్లో దొరికేవాటిలో అన్నిటికంటే చవక.

"షెరీఫ్, బాతుల వేటకి సీసం నిషేధం. జేబులో ఒక్క సీసం తూటా దొరికినా వేట వార్డెన్ లైసెన్సు గుంజుకుంటాడు. ఎవడు తెస్తాడు?"

"లేనివాడు తెస్తాడు. వాడికి ఏది చవకైతే అదే."

ఆమె వంగి హార్లన్ కోటు జేబులో చెయ్యి పెట్టింది. గుప్పెడు మొక్కజొన్న గింజలు వచ్చాయి.

"కోళ్ళకి అయ్యుంటాయి," అన్నాడు షెరీఫ్.

హార్లన్‌కి కోళ్ళు లేవు.

*

9:25. కారు వెనక సీట్లో టోబీ ర్యాస్కో.

ముప్పై ఎనిమిదేళ్ళు. లాష్‌లీ ధాన్యం మిల్లులో రోజు కూలి. ఎడమ చేతికి మూడే వేళ్ళు. మిగతా రెండూ మిల్లులో ధాన్యం ఎత్తే మర మింగేసింది. ఆ మరకి మూత ఉండాలని చట్టం. మూత లేదు. కంపెనీ ఆ ఏడాది క్రిస్మస్‌కి టోబీకి ఒక హామ్ పంపింది. రెండు వేళ్ళకి ఒక పంది తొడ. లాష్‌లీ లెక్కలో అది ఉదారం.

"ఏం జరిగింది?"

"నేను చంపలేదండి."

"అది నేనడగలేదు. ఏం జరిగిందో చెప్పు."

"పొద్దున్నుంచీ ఒక్కటే బాతు తగిలింది మేడమ్. రెక్క విరిగి ఈదుకుంటూ పోయింది. నాకు కుక్క లేదు కదా, నేనే కుక్కని. తుపాకి చెట్టుకి తగిలించి వెంట పడ్డాను."

"తూటాలు?"

"తీసి జేబులో వేసుకున్నా. ఖాళీ తుపాకే తగిలించాలి. అందరూ అలాగే చేస్తారు."

అందరూ అలాగే చేస్తారు. నీళ్ళు నిండిన అడవిలో తుపాకి కింద పెట్టడానికి నేల ఉండదు. చెట్టుకి కొక్కెం దిగ్గొట్టి తగిలిస్తారు. చెట్టుకి తగిలించిన తుపాకిని ఇంకొకడు ముట్టుకోడు. తాళాలు వేసిన పడవలు కూడా ఇక్కడ పోతాయేమో గానీ, తగిలించిన తుపాకి పోయినట్టు ఎవరూ వినలేదు.

"తర్వాత?"

"రెండు వందల గజాలు పోయాక రెండు దెబ్బలు విన్నా. ఒకటి. కాసేపాగి ఇంకోటి. తిరిగొచ్చేసరికి కొక్కెం ఖాళీ. వెతుకుతుంటే క్లబ్బుకొచ్చే పళ్ళ డాక్టరుగారి అరుపులు."

"జేబులో తూటాలు చూపించు."

డెప్యూటీ నోలన్ సంచీలోంచి తీశాడు. మూడు. ఉక్కు గుళ్ళవి. పొడవాటివి. బరువు తూటాలు. సీసం ఒక్కటీ లేదు.

"కుడి చెయ్యి."

చాచాడు. పగుళ్ళు, బురద. కొత్త గాయం ఒక్కటీ లేదు. ఆ మాట కూడా ఎర్లీన్ రాసుకుంది. ఎందుకంటే తుపాకిలో ఖాళీ తూటా బయటికి దూకే కిటికీ అంచున, వేరు మీద పొడిగా ఉన్న భాగంలో, ఎర్రటి మరక చూసింది ఆమె. షెరీఫ్ చూడలేదు. షెరీఫ్ గట్టు మీద ఉన్నాడు.

*

10:40. లాష్‌లీ క్లబ్బు.

దేవదారు దుంగల ఇల్లు. గోడల నిండా కొమ్ముల తలలు. ఒక్కో సభ్యుడి పేరు ఇత్తడి రేకు మీద. పొయ్యి ముందు తోలు కుర్చీల్లో ఇద్దరు.

ఒకడు వింగేట్ లాష్‌లీ. క్లబ్బు అతని తాతది. మిల్లు అతనిది. షెరీఫ్ ఎన్నికల గుడారాలు, బార్బెక్యూ అతనివి. కుడి బొటనవేలికి కట్టు.

రెండోవాడు డాక్టర్ పెట్టస్. లిటిల్ రాక్‌లో పళ్ళ డాక్టరు. శవాన్ని చూసి కేక పెట్టింది ఇతనే.

"ఎనిమిదింటికి ఎక్కడున్నారు?"

"నేను బాతుల మాటులో," అన్నాడు పెట్టస్. "వింగేట్ పావుతక్కువ ఎనిమిదికి కాఫీకని క్లబ్బుకి బయల్దేరాడు."

"దారిలో ఆగి గట్టు చూసుకున్నాను," అన్నాడు లాష్‌లీ. "తన గట్టు తను చూసుకోవడం కూడా నేరమా ఎర్లీనమ్మా?"

"మీ తుపాకి?"

"మాటులోనే వదిలా. పెట్టస్ చూశాడు. నా తుపాకి చల్లగా ఉంది, తూటాలు లెక్క సరిపోయాయి. గెయితర్ అన్నీ చూసుకున్నాడు."

"వేలికి ఏమైంది?"

"బాతు ఎముక గుచ్చుకుంది. ఏం, అంబులెన్సు పిలుస్తావా?" నవ్వాడు. "చూడమ్మా. ఆ ర్యాస్కో గాడు హార్లన్‌తో నెల రోజులుగా సరిహద్దు గురించి గొడవపడుతున్నాడు. మా బాతుల్ని వాడి వైపు పిలుస్తాడు. ఆ మూడొందల డాలర్ల చెత్త పట్టుకుని మా పక్కన నిలబడతాడు! ప్లాస్టిక్ బొమ్మ! పేలిన తొడుగుని తనంతట తను ఉమ్మలేదు, వేలు పెట్టి పీకాలి. అదీ ఒక తుపాకేనా? నా ఇటలీ తుపాకి ఏ తూటా పెట్టినా నమిలి పారేస్తుంది. అలాంటి వెధవల్ని నీళ్ళలోకి రానిచ్చేది ప్రభుత్వం. అనుభవించేది మేము."

ఎర్లీన్ మాట పొల్లు పోకుండా రాసుకుంది. పెట్టస్ మాత్రం కాఫీ కప్పు వైపు చూస్తూ గొణిగాడు. "తుపాకి సంగతి ఏమో గానీ, వాడు గురి బాగానే కొడతాడు."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

మిస్ ఓపల్ డెబ్భై ఏళ్ళ నల్లజాతి ఆమె. నలభై ఏళ్ళుగా ఆ పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. షెరీఫ్ ఆమె చేతి బిస్కెట్లు నాలుగు తిన్నాడు. ప్రశ్న ఒక్కటి అడగలేదు.

"కూర్చో తల్లీ. మొహం అలా పాలిపోయిందేంటి? తిన్నావా?"

"తర్వాత తింటా మిస్ ఓపల్. దెబ్బలు విన్నావా?"

"చెవుల్లో దూది పెట్టుకుంటానా ఏంటి? ఎనిమిది దాటి రెండు నిమిషాలు. గోడ గడియారం ఎదురుగానే ఉంది. బాతుల మీదైతే చకచకా మూడు పడతాయి. ఇది ఒకటి పడింది. ఓహో, గాయపడ్డదాన్ని ముగిస్తున్నారేమో అనుకున్నా. పెనం మీద బేకన్ ముక్కలు తిప్పడం మొదలెట్టా. ఆరూ తిప్పాను. అప్పుడు రెండోది."

"మళ్ళీ తిప్పి చూపిస్తావా?"

"దేన్ని తిప్పను? అంతా మీ షెరీఫే మింగాడు."

ఉత్త పెనం మీద ఆమె ఆరుసార్లు చెయ్యి తిప్పింది. ఎర్లీన్ వాచీ చూసింది. పదకొండు సెకన్లు.

సెమీ ఆటోమేటిక్ తుపాకి. వేలు నొక్కితే చాలు, మళ్ళీ నొక్కితే చాలు. ఎదురుగా మనిషి పక్కటెముకల్లో దెబ్బతో అరుస్తున్నాడు. పదకొండు సెకన్లు ఏం చేశాడు వీడు?

*

12:15. డోయల్ హార్డ్‌వేర్.

మేకులు, పైపులు, కుక్కల తిండి, వెనక గోడకి తుపాకులు. డోయల్ కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకున్నాడు.

"టోబీనా? ఎందుకు గుర్తులేదూ! మూడు శనివారాలు వచ్చాడు. కొన్నది మాత్రం నాలుగో శనివారం. నా ప్రాణం తోడేశాడు."

"ఏం కావాలన్నాడు?"

"బురదలో పడేస్తే కడిగి మళ్ళీ పేల్చుకునేది కావాలన్నాడు. పడవలో తెడ్డు పోతే దాంతోనే తెడ్డు వేసుకోవాలన్నాడు. గీత పడితే ఏడుపు రాకూడదన్నాడు. నేను పంపు తుపాకి చూపించా, ఇంకా చవక. ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. పంపు తుపాకి ప్రతి దెబ్బకీ ఎడం చేత్తో వెనక్కీ ముందుకీ లాగాలి కదా. మూడు వేళ్ళతో ఎలా లాగుతాడు? సెమీ ఆటోమేటిక్ తప్పదు. ఉన్నవాటిలో చవక ఇదే. రెండు వందల ఎనభై తొమ్మిది. చివరికి ఏమడిగాడో తెలుసా? 'దీని జబ్బేంటి డోయల్?' అని అడిగాడు. తెలివైనవాడు. జబ్బు లేని చవక సరుకు ఉండదు."

"ఏంటి దాని జబ్బు?"

"తిండి." డోయల్ రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. "బరువు తూటా వేస్తే కుట్టుమిషన్‌లా నడుస్తుంది. ఆ పేలుడు గ్యాసుతోనే బోల్టు వెనక్కి వస్తుంది, ఖాళీ తొడుగు ఎగిరిపోతుంది, కొత్తది ఎక్కుతుంది. తేలిక తూటా వేశావనుకో, ఆ గ్యాసు చాలదు. తొడుగు సగం బయటికొచ్చి ఇరుక్కుంటుంది. ఖరీదైనవి రెండూ తింటాయి. ఇది తినదు. టోబీకి మరీ మరీ చెప్పా. అప్పటి నుంచీ బరువువి తప్ప ముట్టలేదు. ఇరుక్కుంటే పీకడానికి తుపాకి ఎడం చేత్తో గట్టిగా పట్టుకోవాలిగా. వాడికెక్కడ కుదురుతుంది?"

"అదే రకం తుపాకి ఇంకోటి ఉందా?"

"ఉంది."

12:50. కొట్టు వెనక గడ్డి మేటు ముందు నిలబడి ఎర్లీన్ బరువు తూటాలు ఇరవై ఐదు కాల్చింది. ఒక్కటీ ఆగలేదు.

తర్వాత సన్న సీసం గుళ్ళ తేలిక తూటా. ఢాం. తొడుగు కిటికీలో అడ్డంగా నిలబడింది. బోల్టు లాగింది. రాలేదు. బొటనవేలు దూర్చి పీకింది. తోలు గ్లోవు చిరిగింది. చవక తుపాకి కదా, లోపలి అంచుల్ని ఎవరూ అరగదీయలేదు, కత్తిలా ఉన్నాయి. తొడుగు పీకి, కొత్తది ఎక్కించి, మళ్ళీ గురిపెట్టి కాల్చింది.

డోయల్ వాచీ చూశాడు. "పది."

1:30. ఆమె వేట వార్డెన్‌కి ఫోన్ చేసింది.

"హార్లన్ వీమ్స్ ఈ మధ్య మీతో మాట్లాడాడా?"

"నిన్న సాయంత్రం ఐదింటికి ఫోన్ చేశాడు మేడమ్. లాష్‌లీ నీళ్ళలో మొక్కజొన్న చల్లుతున్నారు, ఇవాళ మధ్యాహ్నం గింజలు తెచ్చి చూపిస్తానన్నాడు. ఎక్కడినుంచి ఫోన్ చేస్తున్నావంటే క్లబ్బు హాల్లోంచే అన్నాడు. పెద్దమనిషికి జాగ్రత్త తెలీదు."

గింజలు చల్లి బాతుల్ని రప్పించి కొట్టడం ఫెడరల్ నేరం. క్లబ్బుకి తాళం పడుతుంది. మూడు తరాల దర్జా ఒక కాపలావాడి గుప్పెట్లో పోతుంది.

"ఇంకోటి. టోబీ ర్యాస్కో తుపాకి ఎప్పుడైనా ఇరుక్కోవడం చూశారా?"

"లేదు మేడమ్. ఈ సీజన్‌లో మూడుసార్లు వాడి పక్కనే నిలబడ్డా. శుభ్రంగా నడుస్తుంది."

*

3:10. క్లబ్బు హాలు.

లాష్‌లీ, పెట్టస్, షెరీఫ్, వంటింటి గుమ్మంలో మిస్ ఓపల్. ఎర్లీన్ బల్ల మీద రెండు తూటాలు నిలబెట్టింది.

"త్వరగా కానీ. నాలుగింటికి జడ్జి," అన్నాడు షెరీఫ్.

"రెండు నిమిషాలు సార్. డాక్టర్ పెట్టస్, టోబీ తుపాకి కాలుస్తుంటే చూశారా?"

"రోజూ. మా మాటుకి వంద గజాలేగా."

"ఎప్పుడైనా ఇరుక్కుందా?"

"నేను చూడగా లేదు. మూడు దెబ్బలూ వరసగా పడేవి. నిజం చెప్పాలంటే కొంచెం ఈర్ష్యగా కూడా ఉండేది."

"మిస్ ఓపల్, ఆ తుపాకి గురించి ఈ ఇంట్లో ఏమనుకునేవాళ్ళు?"

"చెత్త అనేవాళ్ళు, బొమ్మ అనేవాళ్ళు. పేలదని మాత్రం ఎవరూ అనలేదు. పేలుతోందనే కదా ఏడుపంతా."

ఎర్లీన్ నోట్‌బుక్కు తెరిచింది.

"మిస్టర్ లాష్‌లీ. పొద్దున 10:40కి మీరన్న మాట. 'పేలిన తొడుగుని తనంతట తను ఉమ్మలేదు, వేలు పెట్టి పీకాలి.' ఎలా తెలుసు మీకు?"

లాష్‌లీ భుజాలెగరేశాడు.

"చవక సరుకు. అందరికీ తెలిసిందే."

"ఎవరికి? చెప్పండి. వార్డెన్‌కి తెలీదు. డాక్టరుగారికి తెలీదు. డోయల్ చెబితే విన్నాడే గానీ టోబీ కూడా చూడలేదు, వాడి చేతిలో అది ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. ఎందుకంటే వాడు దానికి బరువు తూటా తప్ప పెట్టడు. అది ఇరుక్కునేది తేలిక తూటాకే. ఆ తుపాకిలో తేలిక తూటా వేసింది ఈ భూమ్మీద ఒక్కడే. ఈ పొద్దున. హార్లన్ ఎదురుగా నిలబడి."

ఎర్లీన్ తేలిక తూటాని అతని ముందుకి జరిపింది.

"మీ తూటాలు మీ సొంత ముద్రతో వస్తాయి. వాడితే దొరికిపోతారు. అందుకని మట్టి పళ్ళేల ఆటకి మిగిలిన పెట్టెలోంచి మూడు జేబులో వేసుకొచ్చారు. కూలివాడి తుపాకిలో మరి చవక తూటాలే ఉంటాయి కదా! మీకు తట్టింది అంతే. ఆ కూలివాడు నాలుగు శనివారాలు ఆలోచించి కొన్నాడని, దాని తిండేంటో కనుక్కున్నాడని, తన తిండి తగ్గించుకుని దానికి సరైన తూటా కొంటున్నాడని మీకెందుకు తడుతుంది? వాడు బాతు వెంట పోయేదాకా చూసి, కొక్కెం మీద తుపాకి తీశారు. హార్లన్‌ని కొట్టారు. తొడుగు ఇరుక్కుంది. మనిషి నీళ్ళలో అరుస్తుంటే పదకొండు సెకన్లు దాంతో కుస్తీ పట్టారు. బొటనవేలు తెగింది. రెండో దెబ్బ కొట్టారు. అదీ ఇరుక్కుంటే అదీ పీకారు. ఆ అంచు మీద రక్తం ల్యాబుకి వెళ్ళింది. అది బాతుది కాదని నేను పందెం కాస్తా. కట్టు విప్పండి."

"గెయితర్!" లాష్‌లీ లేచాడు. "ఈ ఆడదాన్ని బయటికి పంపు!"

షెరీఫ్ కార్పెట్ వైపు చూస్తున్నాడు.

"ఒక కాపలావాడు!" లాష్‌లీ గొంతు చీలింది. "ఇరవై ఆరేళ్ళు నా ఉప్పు తిన్నాడు! నా హాల్లో, నా ఫోన్లో, నా మీద ఫిర్యాదు! నీకేం తెలుసు, ఈ నీళ్ళు..." ఆగాడు. "నా లాయరు లేకుండా ఇంకో మాట మాట్లాడను."

"అక్కర్లేదు. చాలినంత మాట్లాడారు."

పెట్టస్ కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు. ఇరవై ఏళ్ళ స్నేహం. రెండు అడుగుల దూరం.

మిస్ ఓపల్ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ఆర్పి, ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, కోటు వేసుకుంది.

*

3:55. కౌంటీ జైలు.

కాగితాలు పూర్తయ్యాయి. టోబీ ర్యాస్కో తన బెల్టు, తన మూడు తూటాలు, తన టోపీ సంతకం పెట్టి తీసుకున్నాడు.

"తుపాకి సాక్ష్యం కింద ఉంటుంది," అంది ఎర్లీన్. "విచారణ అయ్యేదాకా. ఏడాది పట్టొచ్చు."

"ఏడాదా?" టోబీ టోపీ పెట్టుకున్నాడు. "మళ్ళీ ఇస్తారా అసలు?"

"ఇస్తారు. నేనే తెచ్చిస్తా."

షెరీఫ్ గెయితర్ గొంతు సవరించుకున్నాడు. "మనసులో ఏం పెట్టుకోకు టోబీ. ఎవరున్నా అదే అనుకునేవాళ్ళు."

టోబీ ఆయన వైపు చూశాడు. తొందరపడలేదు.

"ఎవరున్నా కాదు సార్. మీరే."

సరిగ్గా అప్పుడే బయట మెట్లు ఎక్కించి వింగేట్ లాష్‌లీని తీసుకొస్తున్నారు. చేతులకి బేడీలు. మీద ఒంటె రంగు కోటు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న డెప్యూటీ నోలన్ ఒక్క ఉదుటున పరుగెత్తి జైలు తలుపు తీసి పట్టుకున్నాడు. తల కూడా కొంచెం వంచాడు. "రండి సార్."

లాష్‌లీ అలవాటుగా నడిచాడు. గుమ్మంలో టోబీ. టోబీ కూడా అలవాటుగానే గోడకి ఒదిగి దారి ఇవ్వబోయాడు.

"నోలన్," అంది ఎర్లీన్. "ఆయన్ని అక్కడే ఆపు."

ఆపాడు. లాష్‌లీ రెండు మెట్ల కింద చలిలో నిలబడ్డాడు.

"ఇప్పుడు తలుపు సరిగ్గా పట్టుకో. వెళ్ళేవాళ్ళు ముందు."

నోలన్ ఆమె వైపు చూశాడు. షెరీఫ్ వైపు చూశాడు. ఎవరూ సాయానికి రాలేదు. తలుపు బార్లా తెరిచి వీపు ఆనించి నిలబడ్డాడు.

టోబీ ర్యాస్కో మధ్యలోంచి నడిచి బయటికి వెళ్ళాడు.